కంప్యూటర్లో మేము కట్టిన ఊరు

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా పై అంతస్తులో ఉండే అమ్మాయి, డాక్టరు చదువు మూడో ఏడులో ఉన్న పిల్ల, ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. వాళ్ళ కాలేజీలో ఏదో అభ్యాసం ఇచ్చారట. తెర మీద ఒక బొమ్మ మనిషి మంచం మీద పడుకుని ఉంటాడు, ఈ పిల్ల ప్రశ్నలు టైపు చేస్తే అతను జవాబులు చెబుతాడు, ఆ జవాబుల్ని బట్టి ఏం జబ్బో, ఏం పరీక్షలు చేయించాలో తేల్చాలి. అందులో అంకెల భాగం ఒకటి తనకు కొరుకుడు పడలేదు, నేను స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనదాన్నని వాళ్ళమ్మ చెబితే వచ్చింది. ఆ చిక్కు విప్పడానికి పది నిమిషాలు పట్టలేదు కానీ, ఆ బొమ్మ మనిషి "నాకు రెండు రోజులుగా జ్వరంగా ఉంది డాక్టరుగారూ, ఆకలి మందగించింది" అని పాఠ్యపుస్తకం అప్పజెప్పినట్టు చెబుతుంటే నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నారని ఆ పిల్ల అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను గానీ, దానికి సాయంత్రంలోగా పని అప్పగించాలన్న తొందర. సగంలోనే థాంక్స్ చెప్పి లేచి వెళ్ళిపోయింది. మిగిలిన సగం నా నోట్లోనే ఉండిపోయింది. మీరైతే తీరిగ్గా వింటారని ఇదిగో, ఇలా కూర్చున్నాను.

మాది రేపల్లె వైపు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ హైదరాబాదే, అందులోనూ తార్నాకే. మావారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, నాది యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఉద్యోగం. ఇంటి నుంచి డిపార్టుమెంటుకి నడిచే వెళ్ళేదాన్ని. క్యాంపస్‌లోకి అడుగు పెట్టగానే బస్సుల మోత వెనకబడిపోయి, ఎండాకాలంలో కూడా గాలి ఒక పిసరు చల్లబడేది. ఆ నడకలోనే ఆ రోజు చెప్పాల్సిన పాఠం మనసులో కూర్చుకునేదాన్ని. అన్నేళ్ళు అంకెలతోనే కాపురం చేసినా ఆ అంకెల వెనక మనుషులుంటారన్న సంగతి నాకు పెద్దగా పట్టేది కాదు. బోర్డు మీద లెక్క తేలితే చాలు, చేతులకంటిన సుద్ద దులుపుకుని ఇంటికి వచ్చేసేదాన్ని. ఆ అలవాటు మానిపించినవాళ్ళు ముగ్గురు. ఒకరు డాక్టరమ్మ, ఒకడు నా శిష్యుడు, ఒకావిడ నర్సమ్మ. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జరిగిన రోజుల్లో, ఊరంతా అట్టుడికినట్టు ఉడుకుతున్న కాలంలో, ఆ ముగ్గురూ నాకు దొరికారు.

డాక్టరమ్మ ఒక పెద్దాసుపత్రిలో కొత్త డాక్టర్లకు ప్రజారోగ్యం బోధించేవారు. నా ఈడే, మనిషి పొట్టి, మాట నిదానం. ఒక రోజు ఎవరి చీటీ లేకుండా, ఫోనైనా చేయకుండా నేరుగా నా గదికి వచ్చి కూర్చుని, తన మొదటి ఉద్యోగం సంగతి చెప్పుకొచ్చారు. కుర్రతనంలో ఆవిణ్ణి ఒక పల్లెటూరి ఆరోగ్య కేంద్రానికి వేశారట. వానలు పడగానే కలరా వచ్చింది. గుమ్మంలోకి వచ్చిన ప్రతి ఒక్కరికీ తిండీ నిద్రా మాని వైద్యం చేశారు, చాలామందిని బతికించారు, ఊరివాళ్ళు చేతులెత్తి మొక్కారు కూడాను. అంతా సద్దుమణిగాక తెలిసిందట, ఊరికి ఎడంగా ఉన్న వాడలోంచి ఒక్కరూ ఆస్పత్రి గుమ్మం ఎక్కలేదని, అక్కడ పోయినవాళ్ళు అక్కడే పోయారని. 

"నాకు రోగిని చూడడం నేర్పారు గానీ ఊరిని చూడడం ఎవరూ నేర్పలేదండీ. నా పిల్లలకి అది నేర్పాలి. మీ కంప్యూటర్లో నాకొక ఊరు కట్టిస్తారా?" అన్నారావిడ. 

మంచం పక్కన నిలబెట్టి రోగిని చూపించి నేర్పవచ్చు. బతికున్న ఊరికి జబ్బు తెప్పించి నేర్పలేం కదా. అందుకని ఉత్తుత్తి ఊరొకటి కావాలి. అందులో ఇళ్ళుండాలి, మనుషులుండాలి, నీళ్ళుండాలి, జబ్బు వస్తే ఒకరి నుంచి ఒకరికి రోజురోజుకీ ఎలా పాకుతుందో తెర మీద కనిపించాలి. నేర్చుకునే డాక్టరు దాని ముందు కూర్చుని ఏ వీధికి ముందు వెళ్ళాలో, ఎక్కడ శిబిరం పెట్టాలో, టీకాలు ఎవరికి ముందు వేయాలో నిర్ణయిస్తే, ఆ నిర్ణయానికి ఆ ఊరు ఏమవుతుందో తనే చూసుకోవాలి. తప్పు చేస్తే ఉత్తుత్తి మనుషులే పోతారు, మళ్ళీ మొదటి నుంచి ఆడుకోవచ్చు. ఆవిడ చెబుతుండగానే నేను కాగితం తీసి లెక్క వేయడం మొదలుపెట్టాను. లెక్కలు నాకు చేతనవును. ఆ లెక్కల్ని కంప్యూటరు చేత చేయించే నేర్పు మాత్రం నాకు అంతంత మాత్రం.

అది చేతనైనవాడు నా దగ్గర పరిశోధన చేస్తున్న శిష్యుడు. జనగామ అవతల ఒక చిన్న పల్లె, వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటివాడు. హాస్టల్లో ఉండేవాడు, ఉద్యమంలో నిండా మునిగి ఉండేవాడు. పొద్దున్న ఊరేగింపులో నినాదాలిచ్చి గొంతు పోగొట్టుకుని, మధ్యాహ్నానికి నా గదిలో కీబోర్డు ముందు కూర్చునేవాడు. మా డిపార్టుమెంటు చివర, పైకప్పు పెచ్చులూడిన ఒక గదిలో రెండు పాత కంప్యూటర్లు పెట్టుకుని మేము ఊరు కట్టడం మొదలుపెట్టాం. ఒక్కో మనిషికి వయసెంత, ఇంట్లో ఎందరు, పని ఎక్కడ, నీళ్ళు ఎక్కణ్ణించి తెచ్చుకుంటాడు, ఇవన్నీ ఇద్దరం కూర్చుని రాసేవాళ్ళం. దానికి పేరేమి పెట్టాలని తర్జనభర్జన పడి, ఏదీ తేలక, చివరికి ఉత్త "ఊరు" అనే పిలిచాం. "ఇవాళ ఊరు లేవలేదు మేడం" అంటే కంప్యూటరు మొరాయించిందని అర్థం.

ఆ ఊళ్ళో మొదటి తగాదా భాష మీద వచ్చింది. పటంలో నేను వీధి అని రాస్తే వాడు గల్లీ అని దిద్దేవాడు. అది పెద్ద విషయం కాదు గానీ, డాక్టర్లు ఒక్కో రోగితో మాట్లాడే భాగం ఒకటి ఉండాలని డాక్టరమ్మ కోరారు. రోగుల మాటలన్నీ నేను రాశాను, చక్కటి తెలుగులో, అండీ గారూ తగిలించి. శిష్యుడు వాటిని చదివి మర్యాదగా పక్కన పెట్టాడు. రెట్టిస్తే అప్పుడు మెల్లగా చెప్పాడు, దవాఖానల మా అమ్మ ఇట్ల మాట్లాడదు మేడం, అని. మరి ఎలా మాట్లాడుతుందో నువ్వే రాయమన్నాను. వాడు రాసింది చదివితే అందులో సగం మాటలు ఇన్నేళ్ళూ నా చెవిన పడుతూనే ఉన్నాయి, ఎన్నడూ పట్టించుకోలేదంతే. పానం మంచిగ లేదు, సర్ది అయింది, జరమొచ్చింది, బుగులైతున్నది. నా ఒళ్ళు అక్కడ పానం, నా జలుబు అక్కడ సర్ది. కోస్తా నుంచి వచ్చిన ఒక డాక్టరు కుర్రాడు బుగులంటే గుండె జబ్బేమోననుకుని కంప్యూటరు రోగికి గుండె పరీక్షలన్నీ చేయించాడు. అది భయమని తెలిశాక సిగ్గుపడి, ఆ తర్వాత ఆ మాటని ఎవరు మర్చిపోయినా అతను మర్చిపోలేదు. బయట ఆ భాష కోసమూ, ఆ బతుకు కోసమూ జనం రోడ్ల మీదికి వస్తున్నారు. మా పెచ్చులూడిన గదిలో ఆ భాష ఒక మూలన కూర్చుని డాక్టర్లకు పాఠం చెబుతోంది. అంత పొందిక మేము అనుకుని చేసింది కాదు.

శిక్షణకు డాక్టర్లతో బాటు బస్తీల్లో తిరిగే నర్సుల్ని కూడా పిలవాలన్నది డాక్టరమ్మ పట్టుదల. అలా వచ్చినావిడే నర్సమ్మ. అంబర్‌పేట్‌లో ఒక బస్తీలో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే ఉద్యోగం చేస్తున్న మనిషి. నలభై దాటిన వయసు, భుజాన సంచీ, కాళ్ళకు రబ్బరు చెప్పులు. కంప్యూటరు ముట్టుకోవడం అదే మొదలు. మొదటి రోజంతా డాక్టర్లు ఊరిని ఆడిస్తుంటే వెనక నిలబడి చూసింది. సాయంత్రం అందరూ లేస్తుండగా నన్ను అడిగింది:

"మీ ఊర్లె ఎవ్వలకు డ్యూటీ లేదా మేడం? జరమొచ్చిన తెల్లారే అందరు దవాఖానకు వస్తున్నరు."

నాకు చురుక్కుమంది. నెలల తరబడి కట్టిన ఊరు. దానికి ఇంగ్లీషు పుస్తకాల ఆధారం ఉంది, నా ఇన్నేళ్ళ చదువుంది. ఇంటికి వెళ్ళే దారి పొడుగునా లోలోపల సమాధానాలు చెప్పుకుంటూనే ఉన్నాను. కానీ తార్నాక చౌరస్తా దాటేసరికి నా సమాధానాలన్నీ అయిపోయాయి, ఆవిడ ప్రశ్న మాత్రం అలాగే ఉంది. మా ఇంట్లో పనిచేసే ఆమె జ్వరంతోనే వచ్చి గిన్నెలు తోమి వెళ్ళిన రోజులు నాకు గుర్తొచ్చాయి. మేము కట్టిన ఊళ్ళో అలాంటి మనిషి ఒక్కరూ లేరు. మర్నాడు డాక్టరమ్మతో చెప్పి, నర్సమ్మని వారం రోజులు మా గదిలో కూర్చోబెట్టుకున్నాం. ఆవిడ చెబుతూ పోయింది, శిష్యుడు ఊరిని విప్పి మళ్ళీ కడుతూ పోయాడు. కూలికి వెళ్ళేవాళ్ళు మూడో రోజు గానీ రారు. ఆడవాళ్ళు పిల్లల్ని తెస్తారు గానీ తమ సంగతి చెప్పరు. కోడలికి జ్వరమొస్తే అత్త ఒప్పుకోవాలి. ఇలాంటివి ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. ఆ వారంలో ఒక రోజు ఆవిడ తెచ్చిన జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు ముగ్గురం పంచుకుని తిన్నాం. ఆ కారానికి నాకు కళ్ళ నీళ్ళు ధారకట్టాయి, వాళ్ళిద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు.

ఇక ఆ రోజుల్లో నా ఇంటి సంగతి కూడా చెప్పాలి. బంధువులు ఎవరు ఫోన్ చేసినా ఒకటే మాట, ఇంకా అక్కడే ఎందుకున్నారు, వచ్చేయండి అని. నాకు గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. మావారు నీ ఇష్టమన్నారు గానీ, ఆయనకు వెళ్ళిపోవాలని ఉందని నాకు తెలుసు. నిజం చెప్పొద్దూ, నాకూ మనసు ఊగిసలాడింది. క్యాంపస్‌లో నన్ను పల్లెత్తు మాట అన్నవాళ్ళు ఎవరూ లేరు. అయినా గోడల మీద వెళ్ళిపొమ్మనే రాతలు చదువుతూ నడుస్తుంటే, అవి నన్ను ఉద్దేశించి రాసినవా కావా అని ఆలోచించకుండా ఉండడం కష్టం. ఒకనాడు ఉండబట్టలేక శిష్యుణ్ణే అడిగేశాను, నేనిక్కడ ఉండడం మీకెవరికైనా ఇబ్బందా అని. వాడు తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అన్నాడు:

"మీరు పోతె ఊరు ఎవలు నడిపిస్తరు మేడం?"

ఏ ఊరని నేను అడగలేదు. గుంటూరు వాళ్ళకి ఇంకా జవాబు రాయలేదు, అంతే.

వానలు పట్టిన ఒక బంద్ వారంలో అసలు పరీక్ష వచ్చింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు, కొట్లు మూసేశారు. పొద్దున్నే నర్సమ్మ ఫోన్ చేసింది. వాళ్ళ బస్తీలో వాంతులు, విరేచనాలు; నిన్న ముగ్గురికి, ఇవాళ ఇంటింటికీ. మా దగ్గర శిక్షణ పొందిన ఒక అమ్మాయి డాక్టరు అక్కడి శిబిరంలో ఒక్కతే ఉంది. డాక్టరమ్మ నగరానికి అవతలి కొసన చిక్కుకుపోయి ఫోన్లో మాత్రం దొరుకుతున్నారు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉన్నాయి గానీ, జబ్బు ఎక్కణ్ణించి వస్తోందో తెలియకపోతే ఎన్ని ప్యాకెట్లు తాగించినా ఆగదు. బస్తీ గల్లీల లెక్కలు చెబుతాం, మన ఊళ్ళో వేసి చూడమని నర్సమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకుని అడిగింది ఆ అమ్మాయి.

గొడుగేసుకుని బయల్దేరాను. క్యాంపస్ గేటు దగ్గర బయట పోలీసులు, లోపల విద్యార్థులు, నడుమ ఎవరూ లేని ఖాళీ రోడ్డు. లోపలికి ఎవర్నీ వదలడం లేదన్నారు. నేను పోలీసాయనకి సంగతి చెబుతుండగా లోపలి గుంపులోంచి శిష్యుడు నన్ను చూశాడు. వాడి పేరు పోలీసుల దగ్గర ఉందని, అందుకే కొన్నాళ్ళుగా గేటు దరిదాపులకు రావడం లేదని నాకు తెలుసు. అయినా వాడు ఆ ఖాళీ రోడ్డు మీద నడుచుకుంటూ గేటు దాకా వచ్చి, చేతులు రెండూ కనబడేట్టు పెట్టుకుని, మేడం నాకు పాఠం చెప్పే ఆమె, అంబర్‌పేట్‌ల జనానికి బీమారొచ్చింది, ఆమెకు లోపల పని ఉన్నదని చెప్పాడు. ఆ పోలీసాయన నా తడిసిన చీరనూ, వాడి మొహాన్నీ మార్చి మార్చి చూసి, పక్కకి తప్పుకున్నాడు. ఆయన ఊరేదో, పేరేదో తెలియదు. ఈ రోజుకీ ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను.

గదిలో కూర్చుని ఊరిని ఆ బస్తీలా మార్చుకున్నాం. ఫోన్లో నర్సమ్మ గల్లీల వారీగా చెబుతుంటే శిష్యుడు జబ్బున్న ఒక్కొక్క ఇంటికీ తెర మీద చుక్క పెట్టాడు. చుక్కలన్నీ బస్తీ నడుమ ఉన్న బోరింగు చుట్టూ గుమిగూడినట్టు కనిపించాయి. నాకు అనుమానమే కలగలేదు. బోరింగు నీళ్ళే కారణం, దాన్ని మూయించండి అని చెప్పాను. శిష్యుడు ఇంకొకసారి నడిపి చూద్దామా అన్నాడు. అక్కర్లేదన్నాను. అమ్మాయి డాక్టరు ఆ రోజంతా బోరింగు దగ్గరే గడిపింది. దానికి గొలుసు వేయించి, చుట్టుపక్కల ఇళ్ళకే తిరిగింది. నేను చేయగలిగింది చేశానన్న తృప్తితో ఇంటికొచ్చాను.

మర్నాడు జబ్బు ఇంకో గల్లీలో బయటపడింది, బోరింగుకి చాలా దూరంగా. వెనక గల్లీలో ఒక ముసలావిడ పోయింది. మేమిద్దరం గదిలో ఉండగా నర్సమ్మ ఫోన్ చేసింది, గొంతు మామూలుగానే ఉంది.

"గట్ల కాదు మేడం. బోరింగు కాదు, నల్లా. నల్లా ఏ గల్లీకి వస్తె తెల్లారి ఆ గల్లీల మొదలైతున్నది. నిన్ననే చెప్పాల్నని ఉండె. మీరు అంత గట్టిగ చెప్పినంక నా నోరు లేవలే."

నల్లా అంటే కుళాయి, ఆ నీళ్ళు బస్తీకి రోజూ రావు. దినం విడిచి దినం, ఒక్కో పూట ఒక్కో గల్లీకి వంతు. బోరింగు దగ్గర చుక్కలు ఎక్కువ కనబడింది శిబిరం ఆ పక్కనే ఉండబట్టి. దగ్గరివాళ్ళు వచ్చి చెప్పుకున్నారు, దూరంవాళ్ళు రాలేదు. రానివాళ్ళని లెక్కలోకి తీసుకోవడమే కదా ఆ ఊరు కట్టిన పరమార్థం! ఆ పాఠం ఊరికంతా చెబుతూ నేనే మర్చిపోయాను. నీళ్ళ వంతులన్నీ నర్సమ్మకు కంఠతా వచ్చు. ఆవిడ వరసగా చెప్పింది, శిష్యుడు ఎక్కించాడు, ఊరు నడిచింది. తెర మీద జబ్బు గల్లీ నుంచి గల్లీకి, బస్తీలో ఎలా నడిచిందో సరిగ్గా అలాగే నడిచింది. పైపు మురిక్కాలువ కింద నుంచి పోయే చోట పగిలి ఉండాలి. మర్నాటి పొద్దుటి వంతు ఏ గల్లీదో నర్సమ్మ చెప్పింది. బస్తీలో అన్నిటికన్నా ఇరుకైన గల్లీ, పసిపిల్లలు ఎక్కువున్న గల్లీ.

ఆ తర్వాత పరుగులన్నీ నావి కావు, వాళ్ళవి. నీళ్ళు వదిలే లైన్‌మన్ ఇల్లు విద్యానగర్‌లో ఎక్కడో నర్సమ్మకు తెలుసు. శిష్యుడు తన స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని స్కూటర్ మీద వెళ్ళి, దారిలో ప్రతి అడ్డంకి దగ్గరా ఆగి చెప్పుకుంటూ, ఆయన్ని తీసుకొచ్చాడు. చీకటి పడకముందే ఆయన ఆ లైను కట్టేశాడు. కానీ లైను కట్టేస్తే బస్తీకి తాగడానికేం కావాలి? కుండల్లో, డ్రమ్ముల్లో దాచుకున్న నీళ్ళు పారబోయమంటే జనానికి కోపం రాదూ? నర్సమ్మ, అమ్మాయి డాక్టరు ప్రతి గడపా ఎక్కి దిగారు. కొందరు తిట్టారు. ఒకావిడ తలుపే తీయలేదట, నర్సమ్మ గడప మీద కూర్చుండిపోయి, తీసిందాకా కదల్లేదట. ఈలోగా డాక్టరమ్మ ఎవరెవరికో ఫోన్లు చేసి ఒక నీళ్ళ ట్యాంకరు బయల్దేరదీయించారు. అది రోడ్డు మీద ఆగిపోయిందని తెలిసి మా శిష్యుడు, వాడి జట్టు ఎదురెళ్ళారు. పొద్దుట్నించీ ఆ రోడ్డు మీద ఒక్క బండినీ కదలనివ్వని పిల్లలు, వాళ్ళే ట్యాంకరు ముందు నడుస్తూ, పక్కకి జరగండన్నా, దవాఖాన పని అని అరుచుకుంటూ దాన్ని బస్తీ దాకా తీసుకుపోయారు. ఇది నేను కళ్ళతో చూడలేదు. అమ్మాయి డాక్టరు చెప్పింది, చెబుతూ ఏడ్చింది.

నాలుగు రోజుల్లో జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ ఇరుకు గల్లీలో పిల్లలకెవరికీ ఏమీ కాలేదు. పైపు తవ్వి చూస్తే మేమనుకున్న చోటనే పగిలి ఉంది. అందరూ మెచ్చుకున్నారు, డాక్టరమ్మ మిఠాయి పంచారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. బంద్ తెరిపివ్వగానే అంబర్‌పేట్ వెళ్ళి నర్సమ్మని అడిగాను, నేను పాడుచేసిన ఆ ఒక్క రోజు కలిసొచ్చి ఉంటే ఆ ముసలావిడ దక్కేదా అని. నర్సమ్మ చేతిలో పని ఆపి నా వంక చూసింది.

"ముసలామె పానం మీకు ఫోన్ చేయకముందే అయిపోవట్టింది మేడం. మనసుల పెట్టుకోకుండ్రి. కూసోండ్రి, చాయ్ పెడ్త."

అది నిజమో, నాకోసం అన్నదో ఇప్పటికీ తెలియదు. ఆవిడ ఇచ్చిన చాయ్ తాగాను. ఆ వారంలో గుంటూరుకి రాలేనని ఉత్తరం రాశాను. ఎందుకని మావారు అడిగితే, ఊళ్ళో ఇంకా పని ఉందన్నాను. ఆయనకు అర్థమైందో లేదో గానీ, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత ఊళ్ళోకి చాలా చేర్చాం. నీళ్ళ వంతులు చేరాయి, బంద్ రోజులు చేరాయి, తలుపు తీయని ఇల్లాలు చేరింది. ఒకరోజు శిష్యుడు నా దగ్గరకొచ్చి, మాట కూడదీసుకుంటూ, మీరు తప్పిన రోజును పాఠంగ పెడ్దమా మేడం, అనుమతిస్తరా అని అడిగాడు. పెట్టమన్నాను. అప్పట్నించి మా ఊరికొచ్చిన ప్రతి డాక్టరుకీ మొదట బోరింగు చుట్టూ చుక్కలు కనిపించేవి, దాదాపు అందరూ నాలాగే దాని మీద పడేవారు. అప్పుడు నేను లేచి, ఈ తప్పు మొదట చేసింది నేనే అని చెప్పేదాన్ని. మొదట్లో ఆ మాట తెర వైపు తిరిగి గబగబా చెప్పేసేదాన్ని. చెప్పగా చెప్పగా, అది నేను చెప్పిన పాఠాలన్నిటిలోకీ పనికొచ్చిన పాఠమని తెలిసింది. ఎదురుగా కూర్చున్న పిల్లలు నోట్సు రాయడం ఆపి తలెత్తి చూసేది అప్పుడే. వాళ్ళలో కొందరు ఆ తర్వాత మారుమూల కేంద్రాల నుంచి ఫోన్ చేసి, మేడం, రానివాళ్ళ దగ్గరికి వెళ్ళాం అని చెప్పేవారు. ఇంతకన్నా ఏ ఉపాధ్యాయురాలికైనా ఏం కావాలి?

రాష్ట్రం వచ్చిన రోజున క్యాంపస్ అంతా గులాల్‌తో ఎర్రబడింది. శిష్యుడు మా తార్నాక ఇంటికి వచ్చాడు, గుమ్మంలోనే నిలబడి గులాల్ పొట్లం చేతిలో పట్టుకుని, పూయవచ్చో లేదోనని తటపటాయించాడు. నేనే వేలితో తీసుకుని వాడి నుదుట పెట్టి, నా నుదుట పెట్టుకున్నాను. వెనక నుంచి మావారు వచ్చి, లోపలికి రావయ్యా, భోజనం చేసి వెళ్దువుగాని అన్నారు. ఆ పూట మా ఇంట్లో ముగ్గురం కలిసి తిన్న భోజనం నాకు పండగ భోజనాలన్నిటికన్నా గుర్తు.

ఇప్పుడు మావారు లేరు. డాక్టరమ్మ కూతురి దగ్గర బెంగళూరులో ఉంటున్నారు, చెవులు సరిగా వినిపించక ఫోన్లో ఎక్కువ మాట్లాడరు. నర్సమ్మ రిటైరై కొడుకుతో బౌద్ధనగర్ వైపు మారింది, మోకాళ్ళ నొప్పులతో ఇల్లు కదలదు. శిష్యుడు వరంగల్ వైపు పాఠాలు చెబుతున్నాడు, జుట్టు నెరిసిందట. మా ఊరిని వాడే పెంచి పెద్ద చేశాడు, ఇప్పుడు దాన్ని డాక్టర్లు ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చునే తెరుచుకోవచ్చు. లెక్కలన్నీ ఆస్పత్రుల నుంచి, ఫోన్ల నుంచి వాటంతటవే వచ్చి చేరతాయట. నీళ్ళ వంతు ఎవరినీ అడగక్కర్లేదు. మంచిదే. మేము రెండ్రోజుల్లో తెలుసుకున్నది ఇప్పుడు ఒక్క గంటలో తెలుస్తుంది, ఆ మేరకు ఎందరో బతుకుతారు, దానికి నేను సంతోషించకపోతే తప్పు. అయినా ఆ పిల్లలు ఒక గదిలో చేరి ఒకరి రొట్టె ఒకరు తినడం లేదే అన్న చిన్న వెలితి నాది. అది వయసు తెచ్చిన చాదస్తమనుకుంటే అనుకోండి.

మొన్న రేపల్లె నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. ఒంట్లో ఎలా ఉందని అడిగితే, ఏం లేదే, జర సర్ది అయింది, తగ్గుతది అన్నాను. అవతల అది ఫక్కుమని నవ్వి, అక్కా, నీ మాట పూర్తిగా మారిపోయిందే అంది. నేనేమన్నానో నాకే తెలియలేదు, అది చెబితే తెలిసింది. ఈ అపార్టుమెంటులో ఇప్పుడు పిల్లలూ పెద్దలూ అందరూ ఇంగ్లీషులోనో టీవీ తెలుగులోనో మాట్లాడుకుంటారు. ఆ మాటలు నాకిచ్చిన మనుషులు తలో దిక్కున ఉన్నారు, మాటలు మాత్రం నా నోట్లో ఉండిపోయాయి.